నాలుగో గొంతు

శనివారం మధ్యాహ్నం ఒంటిగంటా ఇరవై. సోముల్ని మెజిస్ట్రేటు ముందు నిలబెట్టడానికి ఇంకా మూడు గంటల నలభై నిమిషాల టైముంది. ఆ తరవాత రిమాండు, ఆ తరవాత చార్జిషీటు. ఆ పైన నిజం ఎదురుగా వచ్చి నిలబడ్డా దాని మొహం చూసే తీరిక ఎవరికీ ఉండదు. పన్నెండేళ్ళు సబ్‌ఇన్‌స్పెక్టరుగా చేసి బయటికొచ్చి, ఎనిమిదేళ్ళుగా ప్రైవేటు డిటెక్టివ్‌గా ఉన్నదాన్ని, ఈ వరస నాకు కంఠతా వచ్చు.

చర్చి పై అంతస్తు గేలరీలో, టవర్ తలుపు ముందు మోకాళ్ళ మీద కూర్చుని ఉన్నాను. చేతిలో టార్చి. వెనకాల నారాయణమూర్తి బూట్లు టకటకలాడిస్తున్నాడు. ఇప్పుడు నర్సీపట్నం సర్కిల్ ఇన్‌స్పెక్టరు. ఒకప్పుడు నా బ్యాచ్‌మేటు.

“ఏటి శ్రీదుర్గగారూ, ప్రార్థనా?” అన్నాడు.

“నీ పంచనామా చదివాక అదే మిగిలింది,” అన్నాను.

గురువారం సాయంత్రం ఈ చర్చిలో పోయిన మనిషి పేరు కిరణ్ బాబు. స్కూల్లో లెక్కల మాస్టారు, ఇక్కడ క్వయర్ మాస్టారు. ఐదొందల ఏళ్ళ కిందట ఇటలీ చర్చిల్లో దైవగానం ఎలా ఉండేదో అచ్చం అలాగే వినిపించాలని ఆయన పట్టుదల. కీబోర్డు మూలన పెట్టించాడు. నాలుగు వరసల గొంతులు, వాటికి తోడుగా బూరలు, అంతే. ఇత్తడి బూరలకి పెళ్ళి బ్యాండు వాళ్ళని పట్టుకొచ్చాడు. అన్నిటికన్నా పై గొంతుకి తోడు వెళ్ళే పాతకాలం కొయ్యబూర ఒకటుంది, కోర్నెత్తో అంటారట. అది ఎక్కడా దొరక్క, ఏటికొప్పాకలో లక్కబొమ్మలు చేసే సోముల చేత అంకుడు కర్రతో చేయించాడు. మొదటి మూడూ శ్రుతి కుదరలేదని అందరి ముందూ విసిరికొట్టాడు. నాలుగోది కుదిరింది గానీ, ఆ మూడింటి మీద జరిగిన గొడవ ఇప్పుడు సోముల మెడకి చుట్టుకుంది.

గురువారం రికార్డింగ్ పెట్టుకున్నారు. పాట మొదలవ్వగానే, బయటినుంచి ఎలా వినిపిస్తుందో చూస్తానని కిరణ్ బాబు ముందు గుమ్మం లోంచి ఆవరణలోకి వెళ్ళాడు. అక్కణ్ణించి టవర్ కింది తలుపులోంచి నిచ్చెనమెట్లెక్కి, ఈ గేలరీ తలుపు అవతలే గంట కట్టిన అరుగు మీదికి చేరాడు. పద్నాలుగడుగుల ఎత్తు. అక్కణ్ణించి వెనక్కి పడి, తల కింది రాతికి తగిలి చనిపోయాడు. పడేటప్పుడు గంట తాడు పట్టుకున్నాడు. ఆ ఒక్క గంట ఫోన్లో రికార్డయింది, నాలుగు నిమిషాల యాభైరెండో సెకను దగ్గర. రికార్డింగ్ మొదలైంది ఆరూ మూడుకి. అంటే ఆయన పడింది దాదాపు ఆరూ ఎనిమిదికి. గాలికి మోగిందనుకుని ఎవరూ పాట ఆపలేదు. ఆరూ పద్నాలుగుకి, క్వయర్‌లో పాడే ఎస్తర్ రాణి వెళ్ళి చూసి కేక పెట్టింది. ఆయన చొక్కా బొత్తాం ఒకటి అరుగు మీదే ఊడిపడి ఉంది, ఎదురు రొమ్ము మీద ఎవరో గట్టిగా తోసినట్టు.

“పదకొండు మంది పాడుతున్నారు, వాయిస్తున్నారు,” అన్నాడు నారాయణమూర్తి, చిన్నపిల్లకి చెప్పినట్టు. “గంట మోగేటప్పుడు కూడా పాట నడుస్తానే ఉంది. అది వాళ్ళ సాక్ష్యం. పాడనోడు ఒక్కడే, సోములు. గొడవ వాడిదే. ఉలి వాడిదే. ఉలి దొరికింది ఈ గడప మీదే. ఇంకేటి కావాల?”

“ఒంటి మీద ఉలిగాటు ఉందా?”

“నేదు. తోసేసినాడు.”

“తోసేవాడికి ఉలి ఎందుకు?”

టార్చి కింద పెట్టి తలుపు చూపించాను. తలుపు గేలరీ వైపుకి తెరుచుకుంటుంది. టవర్లో గాలికి ఊరికే కొట్టుకుంటుంది, నేను వచ్చాకే మూడుసార్లు కొట్టుకుంది. తలుపు కింది అంచున, గేలరీ వైపు మొహాన, వేలెడంత నొక్కు. నొక్కులో ఎర్రటి లక్క మరక. సోముల ఉలి పిడికి పట్టించిన లక్క అదే రంగు.

“ఉలిని తలుపు కింద సాపుగా దూర్చారు, కొట్టుకోకుండా,” అన్నాను. “రికార్డింగ్‌లో చప్పుడు పడకూడదని. మనిషిని చంపడానికొచ్చినవాడు పాట చెడిపోతుందని తలుపుకి అడ్డు పెట్టడు నారాయణమూర్తీ. పాడేవాళ్ళు పెడతారు.”

“కిరణ్ బాబే పెట్టుకున్నాడు.”

“ఆయన గేలరీలోంచి రాలేదు. కిందినుంచి వచ్చాడు. ఇది గేలరీ వైపునుంచి దూర్చింది. ఇదిగో, ఇటు రా.”

రెయిలింగు దగ్గర బెంచీ కింద సన్నటి చెక్కపొట్టు ఉంది. ఆరింటికి పదినిమిషాల ముందు సోములు ఇక్కడే కూర్చుని కొయ్యబూర మూతి అంచు సరిచేసి ఇచ్చాడని అందరూ చెప్పారు. ఉలి ఇక్కడే మర్చిపోయాడు. ఇక్కణ్ణించి తలుపు దాకా నడిచి చూశాను. పదకొండు సెకన్లు.

నారాయణమూర్తి నవ్వాడు. ఆ నవ్వు నాకు ట్రైనింగ్ రోజులనుంచీ గిట్టదు. “శానా బాగుంది. గేలరీలో ఉన్నది ఇద్దరు. కొయ్యబూర వాయించే మార్కు, పై గొంతు పాడే లీలా. ఆ ఫోన్లో బూర ఎక్కడైనా ఆగిందా? ఆగనేదు. పై వరస ఎక్కడైనా తెగిందా? తెగనేదు. మరి ఎవరొచ్చి పెట్టారు? దేవదూతా?”

ఆ రికార్డింగ్ నేనూ నాలుగుసార్లు విన్నాను. సంగీతానికీ నాకూ చుట్టరికం లేదు గానీ, పై వరస మొదట్నుంచి చివరిదాకా దారం తెగకుండా నడిచిన మాట నిజం.

పైగా లీలా నా క్లయింటు. యాభై దాటిన మనిషి. స్కూలు యూనిఫాములు కుడుతుంది, ఒంటరిగా ఉంటుంది, ముప్పైరెండేళ్ళుగా ఈ చర్చిలో పాడుతోంది. నిన్న సాయంత్రం అనకాపల్లిలో ఉన్న నాకు ఫోన్ చేసి, “సోములు ఆ పని సెయ్యలేదండి. మీరు బేగి రండి,” అంది. ఎలా తెలుసని అడిగితే, “తెలుసండి,” అంది. నేను రెట్టించలేదు.

“ముద్దాయితో పది నిమిషాలు మాట్లాడనీ,” అన్నాను.

“ఐదు,” అన్నాడు నారాయణమూర్తి.

స్టేషన్ మెట్ల మీద సోముల భార్య లోవమ్మ క్యారేజీ ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. నన్ను చూసి లేచింది గానీ ఏమీ అడగలేదు. అడగకపోవడమే నాకు కష్టంగా అనిపించింది. సెంట్రీ మాత్రం, ముద్దాయి నిన్నట్నుంచి మెతుకు ముట్టలేదని చెప్పాడు.

రెండూ నలభై. సోములు కటకటాల వెనక గొంతుక్కూర్చున్నాడు. నలభై ఏళ్ళుంటాయి. గోళ్ళ సందుల్లో ఎర్ర లక్క.

“సోములూ, గురువారం ఆరింటి తరవాత ఎక్కడున్నావు?”

“వెనకాల మావిడిసెట్టు కింద కూకున్నానమ్మా.”

“ఎవరైనా చూశారా?”

“నేదమ్మా. అందరూ నోపల పాడతన్నారు గదా.”

“మాస్టారి మీద కోపం ఉందా?”

“ఉన్నాది. నేదని అబద్దం ఎందుకు ఆడతాను? నా సేత్తో సేసిన మూడు బూరలు ఇసిరేసినాడు. ఒల్లు మండిపోనాది. కానీ నాలుగోది బాగా పలికింది. అది పలుకుతుంటే ఇడిసిపెట్టి ఎక్కడికి పోతాను? పాట అయినంత సేపూ ఇన్నాను.”

ఇది సాక్ష్యం కాదు. అయినా మూడు నిమిషాలు మిగిలాయి కదా అని అడిగాను. “ఏం విన్నావో చెప్పు.”

“మొదాట శానా బాగున్నాది. లీలమ్మ గొంతూ నా బూరా కలిసి, జోడెడ్లు కాడి లాగినట్టు పోతన్నాయి. మద్దిలో ఒక ఎద్దు నేదు.”

“అంటే?”

“ఆయమ్మ ఆగిపోనాది. బూర ఒక్కతే ఎల్తంది. సేసినోడిని గదా, నా బూర ఒక్కతే ఇనిపిస్తే నాకు సంతోసం రావాల. రానేదు. శానా ఎలితిగున్నాది, మనిసి నేని ఇల్లు నాగ. ఏటి, అమ్మకి ఒంట్లో బాగానేదా అనుకున్నాను. గంట మోగినాక కూడా శానాసేపు నేదు. ఆఖర్న మల్లీ ఒచ్చింది. అప్పుడు పేనం కుదుటపడింది.”

“ఈ మాట పోలీసులకి చెప్పావా?”

“నన్నెవులూ పాట గురించి అడగనేదమ్మా. ఎందుకు సంపినావనే అడిగినారు.”

నేనూ అడిగి ఉండేదాన్ని కాదు, ఆ మూడు నిమిషాలు మిగలకపోతే.

స్టేషన్ వరండాలో బల్ల మీద కూర్చుని ఇయర్‌ఫోన్లు పెట్టుకున్నాను. పాట రెండో భాగం మూడూ నలభై దగ్గర మొదలవుతుంది. ఆ సంగతి పొద్దున ఎస్తర్ రాణే విడమర్చి చెప్పింది. రెండో భాగంలో నాలుగు గొంతులూ ఒకే మాటతో, ఒకదాని వెనక ఒకటి వస్తాయి. ఆ మాట సాంక్తుస్, పరిశుద్ధుడని అర్థం. ముందు బండ గొంతు, తరవాత మగవాళ్ళ పై గొంతు, తరవాత ఎస్తర్ రాణి వరస, ఆఖర్న లీలా. పాతకాలం పద్ధతి ప్రకారం ఏ గొంతు ఏది పాడితే, దాని పక్కన బూర కూడా అదే వాయించాలి.

రాగం పోల్చుకోవడం నా వల్ల కాదు. అందుకని రాగం వదిలేసి, మాట పట్టుకున్నాను. గొంతు మాట పలుకుతుంది. బూర పలకదు. నాకు కావలసింది ‘స’ అనే బుస ఒక్కటే.

మూడూ నలభై రెండు. ఒకటి. మూడూ యాభై. రెండు. మూడూ యాభై ఎనిమిది. మూడు. నాలుగూ ఐదు దగ్గర పై వరస హాయిగా ఎక్కింది. మాట లేదు. వెనక్కి జరిపి మళ్ళీ విన్నాను. లేదు. ఎంత తీయగా ఉందంటే, ఆడగొంతే అనుకుంటాం. కానీ పెదాలు లేని గొంతు అది. గంట మోగింది. అప్పుడూ లేదు. ఆరూ ఇరవై దగ్గర, పాట ఇంకో యాభై సెకన్లలో ముగుస్తుందనగా, పై వరసలో ‘స’ స్పష్టంగా వినపడింది.

రెండు నిమిషాల పదిహేను సెకన్లు. మొహం కడుక్కోవాలనిపించి కుళాయి దగ్గరకి వెళ్ళాను.

మూడూ ముప్పై ఐదుకి మార్కుని చర్చి ఆవరణలో పట్టుకున్నాను. కరెంటు పనులు చేసే కుర్రాడు, ఇరవై ఎనిమిదేళ్ళు. కొయ్యబూర అతని చంకలో గుడ్డసంచీలో ఉంది.

“రెండో భాగంలో లీలగారు ఎందుకు పాడలేదు?” అన్నాను ఉపోద్ఘాతం లేకుండా.

“మాస్టారు వద్దన్నారండి.”

“ఎప్పుడు?”

“మొదలెట్టే ముందు. ఆరింటికి ఐదు తక్కువ. ఆ రోజుల్లో చర్చిలో ఆడోళ్ళు పాడేవోరు కాదంటండి. వాళ్ళ చోట బూరో, ఆడగొంతులా పాడే మగోళ్ళ దొంగగొంతో ఉండేదంట. పద్ధతంటే పద్ధతే అన్నారు. రెండో భాగం నువ్వొక్కడివే వాయించు, కింద ఎవరికీ చెప్పకు, ఎవరైనా కనిపెడతారేమో చూద్దాం, ఎవరూ కనిపెట్టకపోతే ఈస్టర్‌నుంచి ఆడోళ్ళ వరసలన్నీ ఇలాగే అన్నారు.”

“ఆవిడ ముందే అన్నారా?”

“ముందేనండి.”

“ఆవిడ ఏమంది?”

“సరే మాస్టారూ అంది.”

“టవర్ తలుపు?”

“కొట్టుకుంటాదని నేనే గడియ పెట్టానండి, మొదలెట్టే ముందు. మా వైపే ఉంటాది గడియ.”

“పాట అయ్యాక?”

“తీసి ఉందండి,” అన్నాడు తలొంచుకుని.

“రెండో భాగంలో ఆవిడ నీ వెనక ఉందా మార్కూ? వెనక్కి తిరిగి చూశావా?”

“చూడలేదండి.” కళ్ళు తుడుచుకున్నాడు. “చిన్నప్పుడు నాకు పాట నేర్పింది ఆవిడే. ఆవిడ చోట్లో నేను వాయిస్తున్నాను. ఏ మొహం పెట్టుకుని తిరిగి చూడమంటారు? తలొంచుకుని వాయించేశానండి. వెనకాలే నిలబడి ఉంటాదనుకున్నాను. పోలీసులు అందరూ ఉన్నారా అంటే ఉన్నామన్నాను.”

నారాయణమూర్తికి ఫోన్ చేశాను. “సోముల్ని జీపు ఎక్కించకు.”

“నువ్వు చెప్తే ఆగడానికి నువ్వు నా ఎస్పీవా?”

“కాదు. కానీ ఐదింటికి మెజిస్ట్రేటు ముందు నువ్వు నవ్వులపాలవ్వడం నాకిష్టం లేదు. ఆ రికార్డింగ్ మూడూ నలభై నుంచి పెట్టి, ‘స’ ఎన్నిసార్లు వినపడుతుందో లెక్కపెట్టు. నీ సాక్షులు పదకొండు మంది కాదు, పది.”

“ఎంతసేపు ఆగాల?” అన్నాడు. మొదటిసారి మామూలు మనిషిలా మాట్లాడాడు.

లీలా చర్చిలో ముందు బెంచీ మీద ఉంది. క్వయర్ వాళ్ళ తెల్లంగీలు ఒక్కొక్కటీ మడతపెడుతోంది. నాలుగూ ఐదు అయింది. నేను పక్కన కూర్చున్నాను. ఆవిడ నా మొహం చూసి, చేతిలో అంగీ పక్కన పెట్టింది.

“తలుపుకి అడ్డం ఉలి పెట్టింది మీరే,” అన్నాను.

“అవునండి. గడియ తియ్యగానే గాలికి కొట్టుకోబోయింది. రికార్డింగ్ పాడైపోతాదని, కింద ఉలి కనపడితే దూర్చాను.” కాస్త ఆగి, “అప్పటికి నాకే ఉద్దేశమూ లేదండి. అంతకుముందే ఆయన గేలరీ కిటికీలోంచి అరుగు మీద కనిపించారు. ఒక్క మాట అడుగుదామని వెళ్ళాను. ఈస్టర్ ఒక్కటీ పాడనిచ్చి, తరవాత మాన్పించమని,” అంది.

“అడిగారా?”

“అడగనివ్వలేదు. కళ్ళు మూసుకుని వింటున్నారు. ఆయన కళ్ళల్లో నీళ్ళండి. చెడ్డమనిషి కాదు, నిజంగా దేవుడి కోసమే అనుకున్నారు. కళ్ళు తెరిచి నన్ను చూసి నవ్వారు. ‘విను లీలా, ఎంత నిండుగా ఉందో. నువ్వు లేవని కింద ఒక్కరికీ తెలీలేదు’ అన్నారు. సంతోషంగా అన్నారండి. నేనూ సంతోషిస్తాననుకున్నారు.”

ఇరవై ఏళ్ళలో చాలామంది ఒప్పుకోవడం విన్నాను. ఇంత మెల్లగా, ఎవరినీ తిట్టకుండా ఒప్పుకున్నవాళ్ళు లేరు.

“తోశాను,” అంది లీలా. “చేతులు నావే. జారిపడ్డారని చెప్పను. గంట మోగింది. పాట ఆగుతాదనుకున్నాను. ఆగి ఉంటే అక్కడే కూలబడిపోయి అందర్నీ పిలిచేదాన్ని. ఎవరూ ఆగలేదు. ఆఖరి వరస దగ్గరకొచ్చేస్తోంది. ముప్పైరెండేళ్ళలో నేను అందుకోవలసిన చోటు ఒక్కసారీ దాటిపోలేదండి. కాళ్ళు వాటంతటవే వెళ్ళి నిలబడ్డాయి. నోరు దానంతటదే తెరుచుకుంది. పాడేశాను.”

“తరవాత చెప్పొచ్చు కదా.”

“శుక్రవారం పొద్దున చెప్దామని స్టేషన్ దాకా వెళ్ళాను. నోరు రాలేదు. వెనక్కొచ్చేశాను. సాయంత్రానికి సోముల్ని పట్టుకెళ్ళారు. అప్పుడు మీకు ఫోన్ చేశాను.” తెల్లంగీ అంచు వేళ్ళతో సాపు చేస్తోంది. “అతను బయటపడాలనే పిలిచానండి. కానీ ఇంకోటి కూడా ఉంది. కింద తొమ్మిది మంది, ముందర మార్కు. రెండు నిమిషాలు పైన నేను లేను. ఒక్కరికీ తెలీలేదు. ఆయన మాటే నిజమైంది. మీకైనా తెలుస్తాదేమో అనుకున్నాను.”

“నాకూ తెలీలేదు లీలగారూ. నాలుగుసార్లు విన్నాను.”

ఆవిడ తల ఊపింది, అంతేలే అన్నట్టు.

“తెలిసింది ఒక్కడికే,” అన్నాను. “సోములికి. చెట్టు కింద కూర్చుని విన్నాడు. మీ గొంతు ఎక్కడ ఆగిందో చెప్పాడు. ఎక్కడ మళ్ళీ వచ్చిందో చెప్పాడు. మీరు లేనంతసేపూ మనిషి లేని ఇల్లులాగా వెలితిగా ఉందన్నాడు. మీకు ఒంట్లో బాగాలేదేమో అని కంగారుపడ్డాడట.”

అంతసేపూ తడవని లీలా కళ్ళు అప్పుడు తడిశాయి. అరచేత్తో నోరు గట్టిగా మూసుకుంది, భుజాలు ఊగిపోతున్నాయి. నేను వీపు మీద చెయ్యేశాను. డిటెక్టివ్‌లు అలా చెయ్యకూడదు. వేశాను.

“నిన్న రాత్రంతా అతను లాకప్‌లోనే ఉన్నాడు కదండీ,” అంది, ఎప్పటికో.

“అవును.”

“అన్నం తిన్నాడా?”

“తినలేదు. లోవమ్మ క్యారేజీ పట్టుకుని బయటే కూర్చుంది.”

“టైమెంతయింది?”

“నాలుగూ ఇరవై.”

మడతపెట్టిన అంగీలు బీరువాలో పెట్టి, తాళం ఎస్తర్ రాణికి ఇమ్మని మార్కు చేతికిచ్చింది. మార్కు ఏదో అనబోతే, “బాగా వాయించావు నాయనా,” అంది. గుమ్మం దగ్గర చెప్పులు వేసుకుని, నాకన్నా ముందు ఆవిడే రోడ్డు మీద ఆటో ఆపింది.

ఆటో అబీద్ సెంటర్ దాటుతుండగా లీలా నా చెయ్యి పట్టుకుంది.

“సోములు ఏమన్నాడో ఇంకోసారి చెప్పండి,” అంది.

స్టేషన్ వచ్చేలోపల రెండుసార్లు చెప్పాను.